ఆకు దొన్నెతో నీళ్లు తాగే మొక్క

ఎక్మియా ఫాసియాటాను కొనుక్కున్నవాళ్లలో చాలామంది దాన్ని మందారంలాగే చూసుకుంటారు. కుండీలో మట్టి ఆరితే చెంబెడు నీళ్లు పోస్తారు, ఆకు వాడితే మరో చెంబెడు. కొన్ని వారాలకు మొక్క మొదలు మెత్తబడుతుంది. నడిమి ఆకును పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వస్తుంది, కుళ్లు వాసన వేస్తుంది. నీళ్లు చాలక పోయిందనుకుని రెండోసారి తెచ్చిన మొక్కకు ఇంకొంచెం ఎక్కువ పోస్తారు. ఈ మొక్క నీళ్లు తాగేది ప్రధానంగా ఆకులతో. వేళ్లు ముఖ్యంగా పట్టు కోసం. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఏ మందు కొట్టకూడదో, ఏ నీళ్లు పోయాలో వేరేగా కంఠతా పట్టాల్సిన పని ఉండదు.

నర్సరీల్లో దీన్ని బ్రొమీలియాడ్ అనే అమ్ముతారు. వెడల్పాటి, బిరుసైన ఆకులు మొదళ్ల దగ్గర ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని నడుమ ఒక దొన్నెలా ఏర్పడతాయి. ఆకుల మీద అడ్డంగా వెండిరంగు పట్టీలు, అంచుల వెంట చిన్న ముళ్లు. దొన్నె మధ్య నుంచి గులాబీ రంగు పూగుత్తి లేస్తుంది. అందులో గులాబీగా కనిపించేవి పువ్వులు కావు, పుచ్ఛాలు. మన కాగితం పువ్వులో రంగు చూపించేవి కూడా అవే. అసలు పువ్వులు ఆ పుచ్ఛాల సందుల్లోంచి నీలి ఊదా రంగులో చిన్నగా తొంగిచూసి, త్వరలోనే ఎరుపు తిరిగి వాడిపోతాయి. పుచ్ఛాలు మాత్రం నెలల తరబడి నిలుస్తాయి.

ఈ మొక్క పుట్టిల్లు బ్రెజిల్‌లోని రియో డి జనీరో రాష్ట్రం. ప్రకృతిలో అది అక్కడ తప్ప మరెక్కడా లేదు. 1820లలో లండన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ దీన్ని వర్ణించి బిల్‌బెర్జియా ప్రజాతిలో చేర్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు క్యూ తోటల్లో పనిచేసిన బేకర్ ఎక్మియాలోకి మార్చాడు. దీని కుటుంబంలో మూడు వేలకు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు రాతి కొండల మీద పెరిగే పిట్‌కెయిర్నియా ఫెలిసియానా ఒక్కటి తప్ప మిగిలినవన్నీ అమెరికా ఖండాలవే. ఆ కుటుంబంలో మనకు బాగా తెలిసిన సభ్యురాలు అనాస. పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చి, ఇవాళ పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతులకు రాబడి ఇస్తున్న పంట అది. అనాస నేల మీద పెరుగుతుంది. దాని దాయాది ఎక్మియా మాత్రం చెట్టెక్కింది.

అట్లాంటిక్ తీరపు ఆ అడవి దట్టమైనది. నేల మీదికి వెలుతురు సరిగా దిగదు. వెలుతురు కావాలంటే మొక్క పైకి వెళ్లాలి, కానీ పైన మట్టి ఉండదు. ఎక్మియా కొమ్మల చీలికల్లో, రాతి అంచుల మీద వేళ్లతో పట్టు దొరికించుకుని నిలబడుతుంది. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం లాగేసే బదనికలాంటిది కాదిది. ఆతిథ్యమిచ్చిన చెట్టు నుంచి చోటు తప్ప ఏమీ తీసుకోదు. అందుకే నీళ్లూ తిండీ రెండూ ఆకాశం నుంచే రావాలి. వాన కురిసినప్పుడు పట్టుకుని దాచుకోవడానికే ఆ దొన్నె. ఒకప్పుడు తీరం పొడవునా పరుచుకున్న ఆ అడవిలో ఇవాళ మిగిలింది దాదాపు ఎనిమిదో వంతు. కుండీలో కులాసాగా కనిపించే మొక్క సొంత ఊళ్లో ఎంత ఇరుకున పడిందో కూడా పెంచేవాళ్లు తెలుసుకోవాలని నా కోరిక.

దొన్నెలో పట్టుకున్న నీళ్లు ఆకులోకి ఎలా వెళతాయి? ఆ వెండి పట్టీలను భూతద్దంలో చూస్తే జవాబు దొరుకుతుంది. దుమ్ములా, పౌడరులా కనిపించేది నిజానికి వేలాది చిన్న పొలుసులు. ఒక్కో పొలుసు గొడుగులా ఉంటుంది. పైన విచ్చుకున్న బిళ్లలో ఉండేవి చనిపోయిన కణాలు. కాడలో ఉండేవి బతికిన కణాలు. నీరు తగలగానే ఆ ఖాళీ కణాలు ఉబ్బి నీటిని లాగుతాయి, కాడ దాన్ని ఆకు లోపలికి అందిస్తుంది. తడి ఆరగానే బిళ్ల ముడుచుకుని కాడ మీద మూతలా కూర్చుంటుంది. నీరు లోపలికి వచ్చినంత సులువుగా బయటికి పోలేదు. పొడిగా ఉన్న పొలుసుల్లో గాలి నిండి వెలుతురును చెదరగొడుతుంది, మనకు వెండిలా మెరిసేది అదే. ఆకు తళతళలాడాలని గుడ్డతో తుడిచేవాళ్లున్నారు. తుడిస్తే పొలుసులు రాలిపోతాయి, రాలినచోట మళ్లీ రావు. దుమ్ము పడితే నీళ్లు చిలకరించి వదిలేయడమే మంచిది.

దొరికిన నీటిని పొదుపు చేయడంలో ఈ మొక్కకు మరో నేర్పు ఉంది. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, ఆ దారిలోనే నీటిని పోగొట్టుకుంటాయి. ఎక్మియా, అనాస, కలబంద రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లవారాక రంధ్రాలు మూసి, ఎండ వెలుగులో ఆ నిల్వతో చక్కెర తయారు చేసుకుంటాయి. ఈ రహస్యాన్ని మొదట పసిగట్టిన వాళ్లలో ఒకరికి మన నేలతో సంబంధం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను రాక్స్‌బర్గ్ తర్వాత చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని ఆయన 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. రాత్రంతా పోగైన ఆమ్లమే ఆ పులుపు. పగలు అది ఖర్చయిపోతుంది. దాని రసాయనం బోధపడటానికి శాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది.

దొన్నెలో నిలిచేది నీళ్లొక్కటే కాదు. పైనుంచి ఎండుటాకులు, పూరేకులు, పక్షి రెట్ట, చచ్చిన చీమలు రాలి పడతాయి. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వస్తాయి. వాటిని తినే లార్వాలు, ఆ లార్వాలను తినే పెద్ద పురుగులు, పురుగుల కోసం కప్పలు వస్తాయి. కోస్టారికా శాస్త్రవేత్త క్లొడోమీరో పికాడో ఈ దొన్నెల్లో బతికే జీవుల మీద పారిస్‌లో డాక్టరేట్ చేసి 1913లో ప్రచురించాడు. చెట్ల కొమ్మల మీద చెల్లాచెదురుగా ఉన్న ఈ నీటి గుంటలన్నీ కలిపి గాలిలో వేలాడే ఒక చిత్తడి నేల అని ఆయన పని చూపించింది. జమైకాలో ఒక పీత తన పిల్లల్ని బ్రొమీలియాడ్ నీళ్లలోనే పెంచుతుంది. కుళ్లే ఆకుల్ని తల్లి బయటికి తీసి పారేస్తుంది, ఖాళీ నత్తగుల్లల్ని తెచ్చి నీళ్లలో వేస్తుంది. గుల్లలోని సున్నంతో నీటి ఆమ్లత తగ్గుతుంది, పిల్లల పెంకుకు కాల్షియం దొరుకుతుంది. కోస్టారికా అడవుల్లో ఎర్రటి విషపు కప్ప తల్లి తన తోకకప్పలను ఒక్కొక్కటిగా వీపున మోసుకెళ్లి దొన్నెల్లో వదిలి, తర్వాత వచ్చి వాటికి తిండిగా గుడ్లు పెట్టిపోతుంది. మొక్కకూ ఇందులో లాభముంది. కప్పల వ్యర్థాల్లోని నత్రజని ఆకుల్లోకి చేరుతుందని బ్రెజిల్‌లో ఐసోటోపులతో చేసిన ప్రయోగాలు తేల్చాయి. మట్టి లేనిచోట ఎరువు దొరికే మార్గం అది.

అన్ని రకాల జీవులూ ఉన్నచోట దోమ కూడా ఉంటుంది. ఈ విషయాన్ని దాటేసి బ్రొమీలియాడ్ గురించి రాయడం సరికాదు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక ప్రపంచమంతా మలేరియా కోసం చెరువులు, మురుగు గుంటలు, వరిమళ్లు వెతికింది. బ్రెజిల్‌లో శాంతోస్ రేవు నుంచి సావో పాలోకు కొండల మీదుగా రైలుమార్గం వేస్తున్న కూలీలకు మలేరియా వచ్చింది. ఏటవాలు కొండ, నిలవనీరు ఎక్కడా లేదు. వైద్యుడు అడాల్ఫో లుట్జ్ చెట్ల మీది బ్రొమీలియాడ్ దొన్నెల్లో అనాఫిలిస్ లార్వాలను కనిపెట్టి 1903లో ఆ సంగతి ప్రచురించాడు. అప్పట్లో ఎక్కువమంది నమ్మలేదు.

నమ్మక తప్పని పరిస్థితి ట్రినిడాడ్‌లో వచ్చింది. అక్కడి కోకో తోటలకు నీడ కోసం మన బాడిద చెట్టుకు దగ్గరి బంధువైన ఒక చెట్టును పెంచేవారు. ఆ చెట్ల నిండా బ్రొమీలియాడ్లు, వాటి నీళ్లలో అనాఫిలిస్ బెల్లేటర్ అనే దోమ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ దోమను అధ్యయనం చేయడానికి కొలిన్ పిట్టెండ్రై అనే యువ శాస్త్రవేత్త వెళ్లాడు. చివరికి పరిష్కారం కాపర్ సల్ఫేట్‌లో దొరికింది. చెట్ల మీద పలచగా చల్లితే కోకోకూ నీడ చెట్టుకూ ఏమీ కాలేదు, బ్రొమీలియాడ్లు మాత్రం చచ్చిపోయాయి. నీటిని లాగే ఆ పొలుసులే రాగిని కూడా లాగేశాయి. దక్షిణ బ్రెజిల్‌లోని సాంతా కతరీనాలో మనుషులు చెట్లెక్కి చేతులతో పీకేశారు, కొన్నిచోట్ల అడవినే కొట్టేశారు. దోమలు ఏ ఎత్తులో ఏ వేళకు కుడతాయో గమనిస్తూ గడిపిన పిట్టెండ్రై తర్వాత జీవగడియారాల శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు.

మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది రాగి గురించి. బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ మన తోటల్లో కుళ్లు తెగులుకు ముందుగా గుర్తొచ్చే మందులు. బ్రొమీలియాడ్‌కు అవే విషం. పక్క మొక్కకు కొట్టినా తుంపరలు దీని మీద పడకుండా చూడాలి. రాగి బిందెలో రాత్రంతా నిల్వ ఉంచిన నీళ్లు మనిషికి మంచివని తాగితే తాగండి, ఈ దొన్నెలో మాత్రం పోయకండి. రెండోది డెంగీ గురించి. రియో నగరంలోని వృక్షోద్యానంలో ఏడాది పాటు బ్రొమీలియాడ్ నీళ్లను పరీక్షించినప్పుడు డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై చాలా అరుదుగా కనిపించింది. అక్కడ స్థానిక దోమలు, ఇతర జీవులే నిండుగా ఉన్నాయి. అమెరికాలోని మయామీలో ఇళ్ల ముందు అలంకారానికి పెంచిన బ్రొమీలియాడ్లలో మాత్రం ఏడిస్ బాగా పెరుగుతోందని 2018లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. మన బాల్కనీ రియో వృక్షోద్యానం కంటే మయామీ ముంగిలికే దగ్గర. లార్వాలను తినే పురుగులూ కప్పలూ మొక్కతో పాటు రావు, ఏడిస్ మాత్రం ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చటి నీళ్లలో వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి కుండీని పక్కకు వంచి దొన్నె నీళ్లన్నీ పారబోసి, పైనుంచి ధారగా కడిగి, కొత్త నీళ్లు పోయాలి. మన ఊళ్లలో శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెబుతూనే ఉంటారు. కూలర్ తొట్టి, పూలకుండీ పళ్లెంతో పాటు దీన్నీ ఆ రోజు లెక్కలోకి తీసుకోండి. పది మొక్కలు పెట్టుకుని వాటికి వారానికోసారి సమయం ఇవ్వలేనివాళ్లు ఒక్కటే పెట్టుకోవడం ఇరుగుపొరుగు క్షేమానికి మంచిది.

దొన్నెను ఎప్పుడూ అంచుదాకా నింపాల్సిన పనిలేదు. మూడు నాలుగు వేళ్ల లోతున నీళ్లుంటే చాలు. ఎండాకాలం బయటి పైపులో కాగిన నీళ్లను నేరుగా పోస్తే లేత చిగురు ఉడికిపోతుంది, కాసేపు వదిలి చల్లబడ్డాక పోయండి. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు ఎక్కువగా ఉప్పటివి, సున్నం ఉన్నవి. దొన్నె ఆవిరైన కొద్దీ ఆ ఉప్పులు ఆకు మొదళ్లలో తెల్లగా పేరుకుని పొలుసుల్ని కప్పేస్తాయి. వాన నీళ్లు పట్టిపెట్టుకోవడం అన్నిటికంటే ఉత్తమం. లేకపోతే ఆర్‌ఓ నీళ్లు వాడండి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే వృథా నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా ఉండేది వాటిలోనే.

కుండీలో వేసేది మట్టి కాకపోవడమే మేలు. కొబ్బరి పీచు ముక్కలు, కొంచెం కోకోపిట్, చిన్న బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, ఇలా గాలి ఆడేది ఏదైనా సరే. నల్లరేగడి, పశువుల ఎరువు దట్టంగా కలిపిన మిశ్రమం వేళ్లను ఊపిరాడకుండా చేస్తుంది, అప్పుడే మొదలు కుళ్లు పడుతుంది. కుండీ చిన్నదిగా, కిందికి బరువుగా ఉండాలి. మొక్క తల బరువుకు ప్లాస్టిక్ కుండీ తేలిగ్గా పల్టీ కొడుతుంది, మన మట్టికుండీ పల్టీ కొట్టదు. పైన దొన్నెలో నీళ్లుంటే కింద కుండీని వారానికోసారి తడిపితే చాలు, చలికాలం ఇంకా తక్కువ.

వెలుతురు బాగా కావాలి, కానీ మిట్టమధ్యాహ్నపు ఎండ కాదు. తూర్పు వైపు వరండా, లేదంటే సగం వెలుతురు ఆపే షేడ్ నెట్ కింద బాగుంటుంది. చీకటి గది మూల పెడితే ఆకులు పొడవుగా సాగి, వాలి, వెండి పట్టీలు పలచబడతాయి. నత్రజని ఎక్కువ వేసినా ఇదే జరుగుతుంది. అందుకని ఎరువు వేయాలనుకుంటే డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు పలచన చేసి, పెరుగుతున్న నెలల్లో ఎప్పుడైనా కుండీలో పోయండి. దొన్నెలో పోస్తే పాచి పడుతుంది. మే నెలలో రామగుండం, విజయవాడ వేడికి దీని ఆకుల చివర్లు కాలకుండా ఉండవు. మిగతా మొక్కల గుంపు మధ్య పెట్టి చుట్టూ నేల తడిపితే కొంత తట్టుకుంటుంది. చలి మన మైదానాల్లో సమస్య కాదు. లంబసింగి, అరకు వైపు డిసెంబరు రాత్రుల్లో మాత్రం దొన్నె ఖాళీ చేసి లోపల పెట్టాలి. పది డిగ్రీల కంటే కిందికి దిగితే నడిమి చిగురు దెబ్బతింటుంది.

పిండినల్లి, పొలుసు పురుగు పడితే ఆకు మొదళ్లలో వెతికి తడి దూదితో తీసేయండి. వేపనూనెలాంటి జిడ్డు మందులు ఆ పురుగుతో పాటు మొక్క నోటిని కూడా మూసేస్తాయి. ముళ్ల ఆకుల రసం కొందరి చర్మానికి పడదు, ఎర్రగా దద్దుర్లు వస్తాయి. కాబట్టి చేతికి తొడుగు వేసుకునే పని మొదలుపెట్టండి.

పూత సంగతి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల్లో, సావో మిగెల్‌లో, పందొమ్మిదో శతాబ్దంలో అద్దాల ఇళ్లలో అనాస పెంచేవారు. అలాంటి ఒక ఇంట్లో పొగ కమ్ముకున్నాక మొక్కలన్నీ ఒకేసారి పూతకొచ్చాయని అక్కడ చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ దీవిలో అనాసకు పొగ పెట్టే ఆనవాయితీ ఉంది. పొగలో పనిచేసేది ఇథిలీన్ అని 1932లో ప్యూర్టోరికోలో రోడ్రిగెజ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంతో చూపించాడు. గడ్డిలో కప్పిపెట్టిన మామిడికాయల్ని మగ్గబెట్టేది కూడా ఆ వాయువే, కాయలు తామే వదిలి తామే పండుతాయి. మామిడిలో పండు తయారీని నడిపే ఆ సంకేతం, బ్రొమీలియాడ్‌లో చిగురును పువ్వుగా మారమంటుంది. అనాస రైతులు ఇవాళ ఇథిలీన్‌ను విడుదల చేసే ఎథ్రెల్ ద్రావణం చిగురులో పోసి తోటంతా ఒక్కసారి కాపుకు తెస్తారు. నర్సరీల్లో పూగుత్తితో కనిపించే ఎక్మియాలకు కూడా చాలావరకు ఇలాంటి చికిత్సే జరిగి ఉంటుంది.

ఇంట్లో చేయాలంటే మందు అక్కర్లేదు. రెండు మూడేళ్ల వయసొచ్చి, దొన్నె పూర్తిగా ఏర్పడిన మొక్కను ఎంచుకోండి. లేత మొక్క ఈ సంకేతానికి పలకదు. దొన్నె నీళ్లు వంచేసి, బాగా పండిన ఆపిల్‌ను పక్కన పెట్టి, మొక్కనంతా పెద్ద ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం, పది రోజులు నీడలో ఉంచండి. ఎండలో పెడితే సంచిలో మొక్క ఉడికిపోతుంది. తర్వాత విప్పి మామూలుగా చూసుకుంటే రెండు మూడు నెలల్లో దొన్నె నడుమ గులాబీ మొన కనిపిస్తుంది. త్వరపడి కార్బైడ్ జోలికి వెళ్లకండి. అది వదిలే ఎసిటిలీన్‌కు మంటంటుకునే గుణం ఉంది. పండ్లు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదని చట్టమే ఉంది.

పూసిన మొక్క మళ్లీ పూయదు. కొనుక్కున్నవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. తమ చేతి తప్పేమో అనుకుంటారు. అరటి ఒకసారి గెల వేశాక ఏం జరుగుతుందో మన రైతుకు చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. ఆకులు పుట్టించే చిగురే పూగుత్తిగా మారిపోయింది కాబట్టి కొత్త ఆకు వచ్చే చోటు మిగల్లేదు. తల్లి మొక్క ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం మెల్లగా తగ్గుతూ, తనలోని నిల్వను మొదట్లోంచి వచ్చే పిలకలకు పంచుతుంది. పూగుత్తి ఎండాక దాన్ని మాత్రం కత్తిరించండి, పచ్చగా ఉన్న ఆకుల్ని ఉండనివ్వండి. తొందరపడి అరచేయంత పిలకను వేరు చేస్తే అది నెలల తరబడి ఎదగకుండా నిలిచిపోతుంది. తల్లి ఎత్తులో సగానికి దగ్గరయ్యి, సొంతంగా చిన్న దొన్నె కట్టుకున్నాక పదునైన కత్తితో మొదలు దగ్గర కోయండి. కోత ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, తడి తక్కువున్న కొబ్బరి పీచులో కదలకుండా పుల్ల కట్టి నిలబెట్టండి. వేళ్లు పట్టేదాకా కుండీలో నీళ్లు పెద్దగా పోయకండి, దాని చిన్న దొన్నెలో రెండు చెంచాల నీళ్లుంటే సరిపోతుంది. ఆ పిలక పూతకు రావడానికి రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు పడుతుంది.